ముక్కు ఆపరేషనై రెండున్నరేళ్ళు, ఇప్పుడు ఈల వినిపిస్తోంది. మళ్ళీ చేయించుకోవాలా?

గజపతి కోడలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మాది పర్లాకిమిడి. పుట్టిల్లు టెక్కలి. ఇక్కడ ఒక స్కూల్లో ఆరు, ఏడు తరగతులకి లెక్కలు చెప్తాను. వయసు 29. నా ముక్కుకి మధ్యలో చిన్న గూను ఉండేది. చిన్నప్పుడు మా పెదనాన్నగారి పిల్లలు "చిలకా" అని పిలిచేవారు. ముద్దుకే అనుకోండి, కానీ పన్నెండేళ్ళపాటు వింటే ఆ ముద్దు అరిగిపోతుంది. 2023 ఫిబ్రవరిలో, ఇంకా పెళ్ళి కుదరకముందే, జీతంలో దాచుకున్న డబ్బుతో ఒక పెద్ద ఊళ్ళో ఆపరేషన్ చేయించుకున్నాను. లక్షా పదిహేను వేలయింది. సంబంధాల కోసం చేయించారని చుట్టాలు ఇప్పటికీ అనుకుంటారు. కాదు, అద్దంలో నాకే నచ్చక. ఆస్పత్రి పేరు చెప్పను, దయచేసి అడగొద్దు. పొద్దున్న ఆరున్నరకి ఐదు పేజీల ఇంగ్లీషు కాగితం చేతిలో పెట్టి సంతకం చెయ్యమన్నారు, చదవకుండా చేశాను. ఆ తప్పు నాదే.

మొదటి ఏడాది బాగానే ఉంది. ఆ డిసెంబరులో పెళ్ళి, ఫొటోలు చక్కగా వచ్చాయి. ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలయ్యాయి.

ముందు ఊపిరి. ఎడమ పక్క గట్టిగా పీలిస్తే ముక్కు పక్కభాగం లోపలికి అతుక్కుపోతుంది, పాలిథిన్ కవర్లో గాలి లాగినట్టు. మెట్లెక్కి మూడో అంతస్తు క్లాసుకి వెళ్ళేసరికి నోటితో పీలుస్తూ ఉంటాను. మూడు పీరియడ్లయ్యాక గొంతు పూర్తిగా ఎండిపోతుంది.

తర్వాత ఈల. మార్చిలో పరీక్షల డ్యూటీ పడింది. హాల్లో నలభై మంది పిల్లలు, ఫ్యాను కూడా ఆగిపోయింది, కరెంటు లేదు. సన్నటి ఈల. ముందు బెంచీ పిల్లాడు తలెత్తి కిటికీ వైపు చూశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. "ఎవర్రా అది" అని గద్దించబోయి ఆగిపోయాను. అది నా ముక్కే. మిగిలిన గంటన్నర నోరు తెరుచుకుని నించున్నాను. రాత్రిళ్ళు మా ఆయన "ఏటే, కుక్కర్ పెట్టి పడుకున్నావేటి" అని నవ్వుతారు. ఆయన నవ్వితే నాకేం బాధ లేదు, పిల్లలు నవ్వుతారేమోనని టెన్షన్.

ఇక ఆకారం. పై నుంచి లైటు పడితే ముక్కు ఎముక అయిపోయే చోట అటూ ఇటూ రెండు నీడలు, ఇంటి కప్పు ఆకారంలో. కొస సన్నగా నొక్కుకుపోయింది, బట్టల క్లిప్పు పెట్టి తీసినట్టు. ఎడమ ముక్కుపుటం అంచు పైకి లాక్కుపోయింది. నా ముక్కుపుడక ఎడమవైపే. ఇప్పుడు ఎదురుగా కూర్చున్నవాళ్ళకి పుడక రాయితోపాటు లోపలి మర కూడా కనబడుతోంది. ఒకసారి శుభకార్యంలో మా అత్తగారే గమనించి "పుడక తిరిగిపోయిందేటమ్మా, సరిచేసుకో" అన్నారు. సరిచేసుకోవడానికేముంది, పుడక సరిగ్గానే ఉంది, ముక్కే తిరిగిపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా మామగారిది కొమ్ము పని. గేదె కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. ముందుగదిలోనే ఆకురాయి పెట్టి రుద్దుతారు. ఆ పొడి పిండిలా గాలిలో తేలుతుంది, ఆ వాసన తెలిసినవాళ్ళకే తెలుసు. పొద్దున్నే ముక్కులో రక్తం చారలతో ఎండు పెచ్చులు వస్తున్నాయి. రాత్రి ముక్కు దిబ్బడ తగ్గించే జైలోమెటాజోలిన్ చుక్కలు వేసుకుంటే నిద్ర పడుతుంది, లేకపోతే తెల్లార్లూ కూర్చోవడమే.

ముగ్గురు డాక్టర్లకి చూపించాను. బరంపురంలో ఈఎన్‌టీ ఆయన గొట్టం పెట్టి చూసి ముక్కు దూలానికి, అంటే రెండు రంధ్రాల మధ్య గోడకి, నాలుగు మిల్లీమీటర్ల చిల్లు ఉంది, ఆయింట్‌మెంట్ రాసుకో, కత్తి జోలికి పోకు అన్నారు. విశాఖలో ప్లాస్టిక్ సర్జన్ పక్కటెముక నుంచి ముక్క తీసి మొత్తం కట్టాలి అన్నారు. భువనేశ్వర్‌లో ఇంకో ఆయన చెవి వెనకనుంచి తీస్తే చాలు, పక్కటెముక దండగ అన్నారు. ముగ్గురూ పెద్ద డిగ్రీలవాళ్ళే. ఒకే ముక్కుకి మూడు మాటలేమిటో నాకర్థం కాలేదు.

అడగాలనుకున్నది ఇదీ: రెండోసారి ఎవరైనా చేయించుకున్నారా? చెవా, పక్కటెముకా? ఇప్పుడే చేయించుకోవాలా, ఆగొచ్చా? ఇంకా పాడైతే? మొదటిసారి ధైర్యంగా వెళ్ళిన మనిషిని, ఇప్పుడు ఆస్పత్రి మెట్లు చూస్తేనే కాళ్ళు వణుకుతున్నాయి.

సంప్రదాయం మేలు

ఆపరేషన్లన్నీ వ్యాపారం చెల్లీ. పొద్దున్నే రెండు ముక్కుల్లో ఆవు నెయ్యి రెండేసి చుక్కలు వేసుకో. నలభై రోజుల్లో చిల్లు పూడుకుపోతుంది. మా వదినగారికి తగ్గింది.

సిక్కోలు ఈఎన్‌టీ

పై మాట నమ్మకండి. ముక్కులో ఏదో ఒక తడి ఉంటే పెచ్చు కట్టడం తగ్గుతుంది, అంతవరకే. అటూ ఇటూ పొర మానిపోయి అంచులు గట్టిపడిన చిల్లు నెయ్యితో పూడదు.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఈఎన్‌టీ డాక్టర్ని. ముక్కు చూడకుండా ఇది చేయించుకోండని చెప్పలేను. కానీ మీరు ఒక మాట అలవోకగా రాసి వదిలేశారు, నా కన్ను అక్కడే ఆగింది. ఆ జైలోమెటాజోలిన్ ఎన్నాళ్ళనుంచి వేస్తున్నారు? అది వారం దాటి వాడే మందు కాదు. దాటితే మందు దిగిన కొద్దీ ముక్కు లోపలి పొర ఇంకా ఉబ్బుతుంది, మళ్ళీ చుక్కలు, మళ్ళీ ఉబ్బు. మీ బాధలో ఎంత భాగం ఆపరేషన్‌ది, ఎంత భాగం ఈ సీసాది అన్నది తేలకుండా ఏ సర్జనూ సరైన లెక్క వెయ్యలేడు. ఒక్కసారిగా రెండు పక్కలా చుక్కలు మానడం కష్టం. ముందు ఒక పక్క ఆపండి, అది తెరుచుకున్నాక రెండోది. మధ్యలో స్టెరాయిడ్ స్ప్రే రాయించుకోండి. స్ప్రే మొన దూలం వైపు కాదు, కంటి బయటి కొస వైపు తిప్పి కొట్టాలి. దూలానికి చిల్లున్నవాళ్ళు ఇది మరీ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఇక ముగ్గురు డాక్టర్ల సంగతి. వాళ్ళు ఒకరినొకరు కాదనట్లేదు, ముక్కులో మూడు వేర్వేరు చోట్లు చూస్తున్నారు.

పూరింటి కప్పు ఊహించుకోండి. మధ్యలో పొడుగు దూలం, దాని మీద అటూ ఇటూ ఆనిన వాసాలు. ముక్కులో ఆ వాసాలంటే పక్కలనున్న మెత్తటి ఎముకలు, మృదులాస్థి అంటారు. మీ గూను తీసినప్పుడు ఆ పై భాగాన్ని కోశారు. కోశాక వాసాల్ని మళ్ళీ దూలానికి కట్టకపోతే అవి ఏడాది రెండేళ్ళలో మెల్లగా లోపలికి కుంగుతాయి. మీరు కప్పు ఆకారం అన్న నీడ అదే. ఆ వాసానికీ దూలానికీ మధ్య ఉండే కోణం మామూలు ముక్కులోనే 10 నుంచి 15 డిగ్రీలు. ముక్కు మొత్తంలో గాలికి అన్నిటికన్నా ఇరుకైన సందు అది. అక్కడ కాస్త కుంగినా ఊపిరి ఆగినట్టే ఉంటుంది. దీనికి చేసే మరమ్మతు, దూలానికి రెండు పక్కలా అగ్గిపుల్లలాంటి మృదులాస్థి ముక్కలు పెట్టి వాసాల్ని మళ్ళీ బయటికి జరపడం. స్ప్రెడర్ గ్రాఫ్ట్ అంటారు. అమెరికా సర్జన్ జాక్ షీన్ 1984లో దీని గురించి రాశాడు, రాసిందే మీలాంటి వాళ్ళ కోసం, ముక్కు ఆపరేషన్ తర్వాత కుంగిన కప్పు గురించి.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎడమ ముక్కు పక్కన బుగ్గ మీద వేలు పెట్టి బయటికి లాగి ఊపిరి పీల్చండి. ఇంకోటి, మందుల షాపులో ముక్కు మీద అంటించే పట్టీలు దొరుకుతాయి, వాటిలో స్ప్రింగులాంటి పుల్ల ఉంటుంది. అది అంటించుకుని పడుకోండి. రెండిట్లోనూ హాయిగా ఉంటే ఇబ్బంది ఆ సందులోనో, పక్కగోడ బలహీనతలోనో ఉందనుకోవచ్చు. ఖాయమని కాదు, సర్జన్‌కి చెప్పడానికి పనికొస్తుంది.

ముక్క ఎక్కణ్ణుంచి అన్నది ఎంత కావాలి అన్నదాన్ని బట్టి. అన్నిటికన్నా మంచి సరుకు దూలంలోదే. తిన్నగా, గట్టిగా ఉంటుంది. కానీ ముక్కు నిలబడాలంటే ముందువైపూ పైవైపూ కనీసం సెంటీమీటరు వెడల్పు పట్టీ వదిలి, లోపలిది మాత్రమే తియ్యాలి. మొదటిసారే తీసేసి ఉంటే ఇప్పుడు అక్కడేం మిగలదు. మీ చిల్లుని బట్టి చూస్తే తీసినట్టే అనిపిస్తోంది. తీసేటప్పుడు రెండు పక్కల పొరా ఒకేచోట చిరిగితే చిల్లు పడుతుంది. చెవిది మెత్తన, వంపుగా ఉంటుంది. మీ ఎడమ ముక్కుపుటం లాంటి చోట్లకి ఆ వంపే కలిసొస్తుంది. పక్కటెముకది గట్టిది, కావలసినంత దొరుకుతుంది, కానీ ఛాతీ మీద ఇంకో గాటు. మొదటిసారి ఏం తీశారో తెలియకుండా విశాఖ ఆయన, భువనేశ్వర్ ఆయన చెప్పినవి రెండూ అంచనాలే.

చిల్లు చిన్నదైతేనే ఈల వస్తుంది. పెద్దదైతే ఈల ఆగిపోయి పెచ్చులు, రక్తం ఎక్కువవుతాయి. కాబట్టి ఈల ఆగిందని సంబరపడొద్దు. వేలితో పెచ్చులు పీకొద్దు. రోజుకి రెండు మూడుసార్లు ఉప్పునీళ్ళతో కడుక్కోండి, నీళ్ళు మాత్రం కాచి చల్లార్చినవే.

ఇక తొందర అంటారా, ఏం లేదు. రెండో ఆపరేషన్‌కి సాధారణంగా ఏడాదైనా ఆగమంటాం, ఆ గడువు మీకెప్పుడో దాటింది. ఇంకో ఆరు నెలలు ఆగినా వచ్చే నష్టం తక్కువ. మొదటి ఆపరేషన్ తర్వాత నూటికి ఐదు నుంచి పదిహేను మంది రెండోసారి వెళ్తారని మా పుస్తకాల్లో చెప్పే లెక్క. మీరొక్కరే కాదు.

బరంపురం లారీ ఆఫీసు

చెల్లెమ్మా, నేను చేయించుకున్నాను, పక్కటెముకతోనే. డాక్టరుగారు శాస్త్రం చెప్పారు, నేను నొప్పి చెప్తాను.

నాది వేరే కథ. చిన్నప్పుడు దెబ్బ తగిలి ముక్కు చప్పబడింది. ముప్పై రెండేళ్ళకి ఒకచోట సిలికాన్ పెట్టించుకున్నాను. నాలుగేళ్ళు బాగుంది. ఒక రోజు కొస ఎర్రబడింది, మొటిమ అనుకున్నా. మూడు వారాలకి అక్కణ్ణుంచి చీము, ఇంకో వారానికి తెల్లగా ఏదో తొంగి చూసింది. అది సిలికాన్. తీసేశారు. తీశాక ముక్కు కాలిన పూరీలా ముడుచుకుంది. ఎనిమిది నెలలు అలాగే ఆఫీసులో కూర్చున్నా, డ్రైవర్లు నా మొహం చూడకుండా బిల్లులు చూసేవాళ్ళు. ఆ తర్వాత పక్కటెముక.

కుడి రొమ్ము కింద గాటు పెట్టారు. నా చూపుడువేలు రెండు కణుపులంత. ఆపరేషన్ నాలుగు గంటలు పట్టిందని ఇంట్లోవాళ్ళు చెప్పారు. లేచాక ముక్కు నొప్పి ఏమీ లేదు, ఒట్టు. నొప్పంతా ఛాతీలో. దగ్గితే, నవ్వితే, మంచం మీంచి లేస్తే. ఊపిరితిత్తి పొరకి ఏమైనా తగిలిందేమోనని అదే సాయంత్రం ఎక్స్‌రే తీశారు, ఏం లేదు. నాలుగో రోజు తుమ్ము వచ్చింది. ఒక దిండు ఛాతీకి అదిమిపెట్టుకుని నోరు తెరిచి తుమ్మాను. నోరు మూసి తుమ్మితే ఆ ఒత్తిడంతా ముక్కులోకి పోతుంది. ఆ దిండు రెండు వారాలు నాతోనే ఉంది, ఆటోలో కూడా.

తిండి సంగతి ఎవరూ చెప్పరు. పై పెదవి కొయ్యబారిపోతుంది, నమలడం రాదు. వారం రోజులు పఖాళే (నీళ్ళలో నానిన చద్దన్నం), పెరుగు కలిపి, ఉల్లిపాయ లేకుండా. మా ఆవిడ బడిచూరా (మినప వడియాల పొడి) కూడా నూరి వేసింది, అది నంజుకోవడం రాక వదిలేశా. కళ్ళజోడు ముక్కు మీద ఆనకూడదన్నారు, ఆరు వారాలు. నాకు జోడు లేకపోతే లారీ నంబరు కనబడదు. నుదుటికి టేపు వేసి జోడుని వేలాడదీసుకున్నా. ఆఫీసులో అందరికీ నెలరోజులు అదే కాలక్షేపం.

ఏడో రోజు ముక్కు మీద పెట్టిన అచ్చు తీశారు. అద్దంలో చూసుకుని ఏడ్చాను, పందిలా ఉన్నాను. అది వాపు. అది తగ్గుతుందని ముందే చెప్పారు, చెప్పినా ఏడుపు వస్తుంది. కొస మాత్రం ఏడాది పైనే పట్టింది తగ్గడానికి. ముక్కు కొస మీద చెయ్యి పెడితే ఇప్పటికీ కొంచెం మొద్దుగా ఉంటుంది.

పక్కటెముక ముక్క కాలక్రమేణా వంగే గుణం ఉంది. నాది ఎనిమిది నెలలకి ఎడమవైపు బియ్యపు గింజంత వంగింది. చెప్తే తప్ప ఎవరికీ కనబడదు. మూడోసారి వెళ్ళను. ఊపిరి ఆడుతోంది, చాలు.

రాయగడ సిస్టర్

తల్లీ, నేను థియేటర్ నర్సుని, పందొమ్మిదేళ్ళ సర్వీసు. వాళ్ళిద్దరూ చెప్పనివి చెప్తాను, కొంచెం గట్టిగా ఉంటుంది, ఏమనుకోకు.

ముందు నీ పాత ఆపరేషన్ కాగితాలు తెప్పించు. డిశ్చార్జ్ సమ్మరీ కాదు, ఆపరేషన్ నోట్స్. లోపల ఏం కోశారు, ఎక్కణ్ణుంచి ఏం తీశారు అన్నది దాంట్లోనే ఉంటుంది. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. అదే నియమాల్లో చికిత్స మొదలైన రోజునుంచి మూడేళ్ళు దాచాలని ఉంది. మూడేళ్ళు! నీది 2023 ఫిబ్రవరి అన్నావు. లెక్కల టీచరువి, నేను చెప్పనక్కర్లేదు. ఫోన్లో అడిగితే "రేపు రండి" అంటారు. రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయి, రసీదు దాచుకో.

వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే ఉద్దేశం ఉందో లేదో నువ్వు రాయలేదు. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. గడువు మామూలుగా రెండేళ్ళు, ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే కమిషన్ ఒప్పుకోవచ్చు. కానీ ఫలితం నచ్చకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. దూలానికి చిల్లు జాగ్రత్తగా చేసినవాళ్ళ చేతిలోనూ పడుతుంది. కాగితాలు చూశాకే ఆలోచించు.

రెండోది. ఈ లోపల ఎవరైనా బ్యూటీ క్లినిక్ వాళ్ళు "కత్తి లేకుండా ఫిల్లర్ (లోపల నింపే మందు) సూదితో సరిచేస్తాం" అంటే అటు తలెత్తి చూడకు. ఒకసారి కోసిన ముక్కులో రక్తనాళాల దారులు మారిపోయి ఉంటాయి. ఆ మందు నాళంలోకి పోతే చర్మం నల్లబడి చచ్చిపోతుంది, కంటి నాళం దాకా వెళ్తే చూపే పోతుంది. కోసిన ముక్కుకి ఈ గండం ఇంకా ఎక్కువ.

మూడోది అడగొచ్చో లేదో, అడుగుతున్నా. పెళ్ళయి రెండేళ్ళు కావస్తోంది, పిల్లల గురించి అనుకుంటున్నారా? కడుపుతో ఉన్నప్పుడు ఇలాంటి ఆపరేషన్లు పెట్టుకోరు. పైగా ఆ నెలల్లో ముక్కు పొర తనంతట తనే ఉబ్బుతుంది, బాగున్నవాళ్ళకే ముక్కు మూసుకుపోతుంది. ఏది ముందో ఇంట్లో కూర్చుని తేల్చుకో. అత్తగారితో కూడా.

సర్జన్‌ని ఎంచుకునేటప్పుడు మొదటిసారి చేసిన ముక్కుల ఫొటోలు చూపించి పంపేస్తారు. ఇంకోచోట పాడై వచ్చినవాళ్ళవి చూపించమను. రెండోసారి ముక్కు తెరవడమంటే మచ్చల్లో దారి వెతుక్కోవడం, ఆ పని అందరికీ రాదు. బీమా ఉంటే అందం కోసం చేసే ఆపరేషన్‌కి డబ్బు రాదు. ఊపిరి ఆడటం కోసం అవసరమని డాక్టరు రాసి, ఎండోస్కోపీ రిపోర్టు జత చేస్తే ఆ భాగానికైనా అడగొచ్చు. చేతిలో డబ్బు తక్కువుంటే విశాఖ కేజీహెచ్, కటక్ ఎస్‌సీబీ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. వరస పొడుగ్గా ఉంటుంది, అంతే.

ఆ కొమ్ము పొడి సంగతి మీ మామగారితో మాట్లాడు. చిల్లున్న ముక్కుకి ఆ దుమ్ము పడదు.

గజపతి కోడలు

ఏడు వారాలకి మళ్ళీ వచ్చాను. అందరికీ విడివిడిగా రాయలేకపోయాను, క్షమించండి.

డాక్టరుగారూ, చుక్కలు ఎన్నాళ్ళనుంచి అని అడిగారు కదా. లెక్కేస్తే పదకొండు నెలలు. రాయడానికి సిగ్గేసింది. మీరన్నట్టు కుడి పక్క ముందు ఆపాను. మొదటి తొమ్మిది రాత్రులు గోడకి ఆనుకుని కూర్చునే పడుకున్నాను, మా ఆయన రాత్రి రెండింటికి లేచి వేణ్ణీళ్ళు పెట్టిచ్చేవారు. పదో రోజు పొద్దున్న కుడి ముక్కులోంచి కాఫీ వాసన వచ్చింది. వంటింట్లో పెట్టిన కాఫీ, నాకు పక్కగదిలో. ఎన్ని నెలలైందో. ఎడమ పక్క కూడా ఆపేశాను, కానీ అది తెరుచుకోలేదు. బుగ్గ లాగితే ఆడుతుంది, పట్టీ వేసుకుంటే ఆడుతుంది, తీస్తే లేదు. అంటే సగం సీసాది, సగం ఆపరేషన్‌ది.

సిస్టర్, కాగితాలు ఫోన్లో మూడుసార్లు అడిగితే రాలేదు. రిజిస్టర్డ్ పోస్టు వేస్తే మొదటిదానికి చప్పుడు లేదు. రెండోదాంట్లో మీరు చెప్పిన 72 గంటల మాట రాశాను, కొరియర్‌లో వచ్చాయి. రెండు పేజీలు. దూలంలోంచి ముక్క తీసి కొసలో పెట్టినట్టు ఉంది. కప్పు మళ్ళీ కట్టినట్టు ఎక్కడా లేదు. కేసు వెయ్యాలని లేదు నాకు. కానీ ఆ రెండు పేజీలు చదివాక ఒక కోపం పోయింది, ఇంకో కోపం వచ్చింది. నా ముక్కులో ఏం చేశారో నాకు తెలియడానికి రెండున్నరేళ్ళు పట్టింది.

ఆ కాగితాలు పట్టుకుని పాతపట్నం వెళ్ళి బస్సెక్కి విశాఖ వెళ్ళాను, పక్కటెముక అన్న ఆయన దగ్గరికే. చదివి కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెవి రెండు వైపులా చూసి, మెత్తగా నొక్కి, "చెవితో మొదలుపెడదాం, తెరిచాక చాలదనిపిస్తేనే పక్కటెముక, రెండిటికీ ముందే ఒప్పుకోవాలి" అన్నారు. చిల్లు కూడా అదే రోజు మూసే ప్రయత్నం చేస్తారట, మూసుకుంటుందని మాటివ్వలేను అన్నారు. మాటివ్వలేను అన్న డాక్టరు నాకు ఇదే మొదటిసారి, అందుకే ఆయనకి సరే అన్నాను. ఒప్పుకోలు కాగితం ముందే ఇంటికి తెచ్చుకున్నాను, రెండుసార్లు చదివాను, తెలియని మాటల కింద గీతలు పెట్టాను.

వేసవి సెలవుల్లో పెట్టుకున్నాం. పిల్లల సంగతి తర్వాత. అత్తగారికి చెప్పడానికి భయపడ్డాను. ఆవిడ "ఊపిరాడని మనిషి పిల్లల్నేటి మోస్తుంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. పుడక ఆపరేషన్‌కి నెల ముందే తీసెయ్యమన్నారు డాక్టరు. అత్తగారే తీసి పసుపు గుడ్డలో చుట్టి దేవుడి పెట్టెలో పెట్టారు. పుడక రంధ్రం పూడుకుపోతే మళ్ళీ కుట్టిద్దాం, ఈసారి కుడివైపు అన్నారు.

మామగారు ఆకురాయిని పెరట్లోకి మార్చారు. ఏమీ అనలేదు, ఒక ఆదివారం నేను బజారు నుంచి వచ్చేసరికి ముందుగది కడిగేసి ఉంది. కొమ్ము కొంగ ఒకటి మాత్రం కిటికీలో వదిలేశారు, ముక్కు ఇంకా చెక్కలేదు దానికి.

బరంపురం అన్నయ్యా, ఆ దిండు ఏ సైజుది?

బరంపురం లారీ ఆఫీసు

సోఫా దిండు చాలు చెల్లెమ్మా. దూదిది వద్దు, గట్టిగా ఉండాలి. రెండు కొనుక్కో, ఒకటి బస్సులో మర్చిపోతావు.